ముందు నీళ్ళు, తర్వాతే చేపలు

చాలా ఇళ్ళల్లో అటక మీద ఒక గాజు తొట్టి ఉంటుంది. అడుగున ఎండిపోయిన రంగురాళ్ళు, మూత తెరుచుకుని బుడగలు వదిలే ప్లాస్టిక్ నిధి పెట్టె, చుట్ట చుట్టి పడేసిన గాలి మోటారు గొట్టం. పిల్లల పుట్టినరోజుకో గృహప్రవేశానికో కొన్నది. కథ ఏ ఇంట్లో విన్నా ఇంచుమించు ఒకటే. ఆదివారం సాయంత్రం తొట్టీ, రాళ్ళూ, మోటారూ, డజను చేపలూ ఒకే బిల్లు మీద వచ్చాయి. ఆ రాత్రే నీళ్ళు పట్టి చేపల్ని వదిలేశారు. బుధవారానికి ఒకటి పోయింది, శుక్రవారానికి ఇంకో మూడు. నీళ్ళు పాలు కలిపినట్టు మసకబారితే మొత్తం పారబోసి, రాళ్ళు సబ్బుతో కడిగి, మళ్ళీ నింపారు. మిగిలినవీ పోయాయి. మన ఇంటికి చేపలు అచ్చిరావని పెద్దవాళ్ళు తేల్చేశారు.

అచ్చిరాకపోవడానికి కారణం ఉంది. దాని పేరు అమ్మోనియా. తిన్న మాంసకృత్తులు అరిగాక మిగిలే ఈ విషాన్ని మన ఒళ్ళు యూరియాగా మార్చి మూత్రంలో పంపిస్తుంది. చేపకి అంత శ్రమ అక్కర్లేదు. చుట్టూ నీళ్ళే కనక మొప్పల్లోంచి నేరుగా వదిలేస్తుంది. నదిలోనైతే అది ఎక్కడికక్కడ పలచబడిపోతుంది. నలభై లీటర్ల తొట్టిలో ఎక్కడికీ పోదు. తినకుండా మిగిలిన మేత కుళ్ళి దానికి తోడవుతుంది. చేప తను వదిలిన విషంలోనే ఊపిరి పీలుస్తూ, మొప్పలు కాలి చచ్చిపోతుంది. చూడటానికి నీళ్ళు అద్దంలా ఉండవచ్చు కూడా. భీమవరం, కైకలూరు వైపు చెరువు గట్టు మీద ఏ రైతుని కదిపినా అమ్మోనియా గురించి గంటసేపు చెబుతాడు, ఎందుకంటే అతని పెట్టుబడి దాని మీద ఆధారపడి ఉంది. అలంకారానికి కొన్న తొట్టి దగ్గర మాత్రం ఆ ఊసే ఎవరూ ఎత్తరు.

అమ్మోనియాని తిని బతికే బ్యాక్టీరియా ఉన్నాయి. ఒక రకం దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయనివ్వదు. నీళ్ళల్లో గాలి నిండుగా ఉన్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే అనుమానించవలసింది దీన్నే. రెండో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత పేరుకున్నా చేప తట్టుకుంటుంది, మొక్కలు దాన్ని ఎరువుగా పీల్చుకుంటాయి, మిగిలింది వారం వారం నీళ్ళు మార్చినప్పుడు బయటికి పోతుంది. ఈ రెండు రకాలూ నీళ్ళల్లో తేలుతూ తిరిగేవి కావు. స్పాంజికీ రాళ్ళకీ గాజుకీ జిగురులా అంటుకుని ఉంటాయి. పెరగడం చాలా నిదానం. తొట్టికి సరిపడా పెరగడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాళ్ళు సబ్బుతో కడిగిన ఇంట్లో, అప్పుడప్పుడే కుదురుకుంటున్న ఆ బ్యాక్టీరియానే కాలవలోకి పంపించారన్నమాట.

ఈ సంగతి మనుషులకి అంత తేలిగ్గా తెలియలేదు. చైనాలో సోంగ్ వంశపు రాజుల కాలానికే, అంటే వెయ్యేళ్ళ కిందటే, బంగారు చేపల పెంపకం ఉంది. వాళ్ళు వాటిని కొలనుల్లోనూ పెద్ద పెద్ద మట్టి తొట్లలోనూ పెంచి, పైనుంచి చూసి ఆనందించారు. గాజు వెనకనుంచి పక్కవాటుగా చూడటం 19వ శతాబ్దపు లండన్ ముచ్చట. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తొట్టిలో రెండు బంగారు చేపల్నీ వాలిస్నేరియా మొక్కల్నీ పెట్టాడు. రాలిన ఆకులు కుళ్ళి నీళ్ళు చెడిపోతుంటే వాటిని తినడానికి నత్తల్ని వేశాడు. నీళ్ళు మార్చకుండానే చేపలు బతికాయి. ఆ సంగతి 1850లో అక్కడి కెమికల్ సొసైటీకి వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల శాల తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన 'ది అక్వేరియం' పుస్తకంతో ఆ పేరు ఊరూరా పాకింది. మొక్కలిచ్చే ఆక్సిజన్ వల్లే చేపలు బతుకుతున్నాయని అప్పట్లో అనుకున్నారు. అందులో కొంతే నిజం. అసలు పని చేస్తున్న బ్యాక్టీరియా ఆనవాలు 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ పరిశోధనలతో గానీ దొరకలేదు. అయినా మొక్కా చేపా నత్తా కలిసి ఒకదాని వ్యర్థాన్ని ఇంకొకటి వాడుకోవాలన్న వారింగ్టన్ ఆలోచన మీదే ఈ విద్య ఇప్పటికీ నడుస్తోంది.

ఇక తొట్టి సంగతి. మొదటిసారి కదా, చిన్నదైతే తేలిక అనుకుంటారు. నిజానికి చిన్నదే కష్టం. అయిదు లీటర్ల గాజు బంతిలో ఒక్క మేత బిళ్ళ ఎక్కువ పడితే చాలు, సాయంత్రానికి నీళ్ళు చెడతాయి. యాభై లీటర్లలో అదే పొరపాటు తెలియకుండా పోతుంది. వేడి ఎక్కడం, చల్లారడం కూడా పెద్ద తొట్టిలో నెమ్మదిగా జరుగుతుంది. పైగా గుండ్రటి బంతికి మూతి ఇరుకు, గాలి తగిలే నీటి ఉపరితలం తక్కువ. ఇటలీలో మోంజా పట్టణం 2004లోనే బంతుల్లో చేపల్ని పెట్టడాన్ని నిషేధించింది. నన్నడిగితే మనవాళ్ళు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టితో మొదలుపెట్టాలి. నిండా పోస్తే 56 లీటర్లు. రాళ్ళూ పైన వదిలిన ఖాళీ పోను అసలు నీళ్ళు ఓ 45 లీటర్లు ఉంటాయి. బేరమాడి తగ్గించుకున్న డబ్బులుంటే ఫిల్టర్ మీద పెట్టండి, బొమ్మల మీద వద్దు.

నీళ్ళతో నిండిన ఆ తొట్టి అరవై కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు మీద, చెక్క అల్మరా మీద పెట్టే ముందు ఆ బరువు గుర్తుంచుకోవాలి. కింద థర్మకోల్ షీటు వేస్తే బల్ల మీది ఎగుడుదిగుళ్ళు గాజుని పగలగొట్టవు. కిటికీ ఎండ నేరుగా పడే చోట పెడితే నెలలో నీళ్ళు పచ్చగా మారి, గాజంతా పాకుడు పడుతుంది. దీపం రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. రాళ్ళు కొనేటప్పుడు ఒకదాని మీద నిమ్మరసం పిండి చూడండి. నురగ వస్తే అది సున్నపురాయి, నీళ్ళ కఠినత్వాన్ని ఇంకా పెంచుతుంది. విశాఖ బీచిలో ఏరుకొచ్చిన గవ్వలకీ, దుకాణాల్లో అమ్మే తెల్ల పాలరాతి ముక్కలకీ ఇదే వర్తిస్తుంది. రంగు వేసిన రాళ్ళ కన్నా ఏటి గులకరాళ్ళు మేలు. వాటి మీద చేప రంగు కూడా బాగా తేలుతుంది.

ఫిల్టర్ల విషయంలో దుకాణదారు ఖరీదైనదే చూపిస్తాడు. ఈ పరిమాణానికి గాలి మోటారుతో నడిచే స్పాంజి ఫిల్టర్ సరిపోతుంది. అన్నిటికన్నా చవకైనదీ అదే, చేప పిల్లల్ని లోపలికి లాగెయ్యనిదీ అదే. మోటారుని నీటి మట్టం కన్నా పైన పెట్టాలి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలో వెనక్కి నడిచి మోటారులోకి, అక్కణ్ణుంచి స్విచ్చుబోర్డు దాకా వస్తాయి. ఫిల్టర్ పని మురికి వడకట్టడం అని అందరూ అనుకుంటారు. అది చిన్న పని. ఆ స్పాంజి బ్యాక్టీరియాకి ఇల్లు. అందుకని దాన్ని ఎప్పుడూ కుళాయి కింద కడగకూడదు. తొట్టిలోంచి తీసిన నీళ్ళ బకెట్లో రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఇంట్లో వచ్చేవి ఏ నీళ్ళు? తెలుగు ఊళ్ళల్లో చేపల పెంపకం గురించి చెప్పేవాళ్ళు మొదట అడగవలసిన ప్రశ్న ఇది. ఎవరూ అడగరు. హైదరాబాదులో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళు వచ్చే వీధి ఒకటుంటే, పక్క కాలనీ అంతా బోరు మీదే బతుకుతుంది. బోరు నీళ్ళు మామూలుగా కఠినంగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, బకెట్ అడుగున తెల్లటి గార పేరుకుంటుంది. పీహెచ్ కూడా 7 దాటి ఉండటం మామూలే. పీహెచ్ పెరిగితే అమ్మోనియా మరింత విషమవుతుంది. 7 నుంచి 8కి పోతే విషపు వాటా దాదాపు పదింతలవుతుంది, వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. మునిసిపాలిటీ నీళ్ళల్లో క్లోరిన్ ఉంటుంది, అది చేపనీ బ్యాక్టీరియానీ కూడా చంపుతుంది. ఒక రోజు బకెట్లో నిలవుంచితే చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కలు వాడవచ్చు. బోరు నీళ్ళల్లో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువ. వాటినీ ఒక రాత్రి గాలి తగలనివ్వడం మంచిది. ఇంట్లో ఆర్వో ఉంది కదా, ఆ నీళ్ళే పోస్తామనేవాళ్ళు ఉంటారు. వాటిలో చేపకి కావలసిన ఖనిజాలు లేవు. మరీ గట్టి నీళ్ళని పలచన చెయ్యడానికి కొంత కలుపుకోవచ్చు, అంతే.

తొట్టి పెట్టారు, రాళ్ళు కడిగి పరిచారు, నాచు మొక్కలో వాలిస్నేరియానో నాటారు, మోటారు నడుస్తోంది. ఇప్పుడు చేపలు కొనకండి. రోజూ ఒక చిటికెడు మేత ఖాళీ తొట్టిలో వెయ్యండి. పిచ్చి పనిలాగే ఉంటుంది, ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఆ మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినడానికి బ్యాక్టీరియా పెరుగుతుంది. అమ్మోనియా, నైట్రైట్ కొలిచే చుక్కల కిట్లు దొరుకుతాయి. పది చేపల ఖరీదు పెట్టి ఒక కిట్టు కొనడం తెలివైన పని. మొదటి వారాల్లో అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత అది దిగుతూ నైట్రైట్ ఎక్కుతుంది, ఆ తర్వాత రెండూ సున్నాకి వస్తాయి. రెండూ వరసగా కొన్ని రోజులు సున్నా చూపిస్తే తొట్టి సిద్ధం. ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ళ పాత స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. వారాల నిరీక్షణ రోజులకి తగ్గుతుంది. ఇంటికి పెరుగు తోడు అడిగినట్టే, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

ఇక చేపలు. ఇక్కడే ఎక్కువమంది కళ్ళు మోసపోతాయి. దుకాణంలో కనిపించేవన్నీ పిల్లలు. భాగవతంలో సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చిన్న చేప కమండలం చాలక, పాత్ర చాలక, కొలను చాలక, చివరికి సముద్రం దాకా వెళ్ళింది కదా, దుకాణం గాజు తొట్లలో రెండంగుళాల పొడవుతో తిరిగేవాటిలో సగం ఆ జాతివే. షార్క్ అని అమ్మే వెండి రంగు చేపకి షార్కుతో ఏ చుట్టరికమూ లేదు. అది పంగాసియస్. మన కోస్తా చెరువుల్లో కూరకి పెంచుతున్నదే. ఎదిగితే మీటరు దాటుతుంది. ఆస్కార్ అడుగు పెరుగుతుంది, పక్కనున్న చిన్న చేపల్ని మింగుతూ పెరుగుతుంది. గాజు శుభ్రం చేస్తుందని ప్రతివాళ్ళకీ అంటగట్టే సక్కర్ అడుగున్నర దాకా పోతుంది. ఎదిగాక పాకుడు మీద దానికి పెద్ద ఆసక్తి ఉండదు, పైగా అది వదిలే వ్యర్థం అంతా ఇంతా కాదు. చేప తొట్టికి తగినంతే పెరుగుతుందని దుకాణాల్లో చెప్పే మాట నమ్మకండి. తొట్టి ఇరుకైతే చేప గిడసబారి, రోగాలతో తొందరగా పోతుంది.

బంగారు చేపల మీద మనవాళ్ళకి మోజు ఎక్కువ. వాస్తు పేరు చెప్పి ఎనిమిది బంగారు రంగువీ ఒక నల్లదీ కలిపి తొమ్మిది అమ్మే దుకాణాలున్నాయి. ఆ లెక్క మన వాస్తులోది కాదు, చైనావాళ్ళ ఫెంగ్ షుయిది. రెండడుగుల తొట్టిలో తొమ్మిది గోల్డ్‌ఫిష్ అంటే ఎవరికీ శుభం కాదు, ముఖ్యంగా చేపలకి. ఎప్పుడూ ఆకలిగా ఉండే జాతి, అమ్మోనియా కూడా అందుకు తగ్గట్టే వదులుతుంది. చల్లటి నీళ్ళు ఇష్టం, మన మే నెల దానికి శిక్ష. సరైన చోటు ఇస్తే మాత్రం ఆశ్చర్యపోయేంత కాలం బతుకుతుంది. 1956లో ఒక జాతరలో గెలుచుకున్న టిష్ అనే బంగారు చేప ఇంగ్లండులో 1999 వరకు, 43 ఏళ్ళు బతికింది. పెరట్లో సిమెంటు తొట్టి, నీడ ఉన్నవాళ్ళు పెంచుకోవచ్చు. మొదటిసారి హాల్లో పెట్టుకునేవాళ్ళకి వద్దు.

మరి ఏవి? బోరు నీళ్ళవాళ్ళు మోలీలతో, ప్లాటీలతో మొదలుపెట్టాలి. వీటి సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా వైపు. గట్టి నీళ్ళంటే వాటికి ఇష్టం. మోలీ ఉప్పు కలిసిన నీళ్ళల్లో కూడా బతుకుతుంది. గప్పీ కూడా ఈ కుటుంబమే. ట్రినిడాడ్ నుంచి దాన్ని 1866లో లండన్‌కి పంపిన రాబర్ట్ గప్పీ ఇంటిపేరే దానికి నిలిచిపోయింది. ఇవన్నీ గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. నెలకి ఒక కాన్పు, కాన్పుకి పాతికో ముప్పయ్యో పిల్లలు. ఆడ చేప మగదానితో ఒకసారి కలిస్తే ఆ వీర్యాన్ని దాచుకుని నెలల తరబడి కంటూనే ఉంటుంది. కాబట్టి మీకు పిల్లలు వద్దనుకుంటే గప్పీల్లో మగవే కొనండి. రంగుల తోకలన్నీ ఎలాగూ వాటివే. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఒక మగదానికి రెండు మూడు ఆడవి పెట్టాలి, లేకపోతే మగవి వెంటపడి ఆడదాన్ని నిలవనివ్వవు.

నా ఓటు మాత్రం జీబ్రా చేపకి. దుకాణాల్లో అన్నిటికన్నా చవక, అందుకే ఎవరూ పట్టించుకోరు. గంగా పరీవాహక ప్రాంతపు చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగలోని చేపల మీద రాసిన పుస్తకంలో మొదటిసారి దాన్ని వర్ణించాడు. వరి మళ్ళ పక్కన కాలవల్లో, ఒక నెల ఎండ, ఒక నెల వాన, ఒక నెల చలి చూసిన జాతి. ఆదిలాబాదు చలికీ రెంటచింతల ఎండకీ రెండిటికీ తట్టుకోగల చేప నాకు తెలిసి ఇంకోటి లేదు. ఒంటరిగా ఉంటే బెదురుతుంది, ఆరు నుంచి ఎనిమిది కలిసి ఉంటే తొట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నీలిగీతల గుంపు పరుగులు పెడుతూనే ఉంటుంది. ఈ చవక చేపని అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్ ప్రయోగశాలకి తీసుకెళ్ళాడు. 1981లో వచ్చిన ఆయన పరిశోధనతో అది ప్రపంచమంతటా జీవశాస్త్రానికి కావలసిన ప్రాణి అయింది. ఆ మొదటి చేపలు పెంపుడు చేపల దుకాణాల్లో కొన్నవే. 2013లో దాని జన్యుపటం పూర్తిగా ప్రచురిస్తే, మనిషి జన్యువుల్లో 70 శాతానికి దానిలో జోడీ కనిపించింది. మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ దీని మీద పరిశోధనలు జరుగుతాయి. కారణం దాని గుడ్డు. అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. పెట్టిన ఒక రోజుకే లోపల గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. సాయంత్రం కొన్ని గోళీలు తొట్టి అడుగున పరిస్తే తెల్లవారుజామున పెట్టిన గుడ్లు ఆ సందుల్లోకి జారిపోతాయి, తల్లి తినెయ్యకుండా ఉంటాయి. వాటిని గిన్నెలోకి తీసి ఒక భూతద్దం ఇచ్చి చూడండి, తొమ్మిదో తరగతి పిల్లాడు పాఠ్యపుస్తకం అడగడు.

జీబ్రాలకి తోడుగా తేనె రంగు హనీ గౌరామి జంట బాగుంటుంది. ఇదీ ఈశాన్య భారతం, బంగ్లాదేశ్ ప్రాంతాలదే. రెండంగుళాలకి మించదు, ఎవరి జోలికీ పోదు. గౌరామి కుటుంబానికి మొప్పలతో పాటు పైకొచ్చి గాలి పీల్చుకునే అవయవం ఒకటి ఉంది, వేడి నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గినా తట్టుకునేది అందుకే. మన దుకాణాల్లో ఫైటర్ అని పిలిచే బెట్టా కూడా అలాంటిదే, థాయిలాండుది. ఆ వెసులుబాటునే అలుసుగా తీసుకుని దాన్ని హార్లిక్స్ సీసాల్లో అమ్ముతారు. సీసాలో చావకపోవడం వేరు, బతకడం వేరు. దానికి ఇరవై లీటర్లు, ఒక స్పాంజి, దాక్కోవడానికి నాలుగు ఆకులు ఇచ్చి చూస్తే అసలు రంగు తెలుస్తుంది. రెండు మగవాటిని మాత్రం కలిపి పెట్టకూడదు. ఎర్రగా నీలంగా వెలిగే నియాన్ టెట్రా అమెజాన్ మెత్తటి నీళ్ళ చేప. కొత్త తొట్టిలో, బోరు నీళ్ళల్లో దాన్ని వెయ్యడం డబ్బు పారేసుకోవడమే. ఏడాది గడిచాక ఆలోచించండి. గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మెరిసే గాజు చేపల్నీ విడో టెట్రాల్నీ అసలు కొనకండి. అవి పుట్టిన రంగులు కావు. సూదితోనో రసాయనంలో ముంచో ఎక్కించినవి. కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, చేప ఆయుష్షు కూడా వాటితోనే తగ్గుతుంది.

దుకాణానికి వెళ్ళినప్పుడు చేపని కాదు, ముందు తొట్టిని చూడాలి. ఒక్క చచ్చిన చేప తేలుతున్నా ఆ తొట్టిలోది ఏదీ వద్దు. రెక్కలు ముడుచుకుని మూల నిలబడ్డది, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలున్నది, పైపైన నోరు తెరుస్తున్నది కొనకూడదు. మేత వెయ్యమని అడగండి, తినేదాన్ని తీసుకోండి. మొదటిరోజే అన్నీ కొనకుండా నాలుగైదు చేపలతో మొదలుపెట్టి, రెండు వారాలాగి మిగిలినవి తెస్తే బ్యాక్టీరియా అందుకు తగ్గట్టు పెరుగుతుంది. ఇంటికొచ్చాక కవర్ని మూతి విప్పకుండా పావుగంట తొట్టిలో తేలనిస్తే లోపలి వేడీ బయటి వేడీ సమానమవుతాయి. తర్వాత మూతి విప్పి, తొట్టి నీళ్ళు కొంచెం కొంచెం కవర్లో పోస్తూ ఇంకో అరగంట. చివర్లో చేపని వలతో తీసి వదలాలి. దుకాణం నీళ్ళు తొట్టిలోకి రాకూడదు, రోగాలు వాటితోనే వస్తాయి.

ఆ తర్వాత పని తక్కువ. పిల్లలకి మేత వెయ్యడం సరదా గనక డబ్బాని పైన పెట్టడం ఒక్కటే కష్టం. చేప చల్లటి రక్తపు జీవి, మనలా మూడు పూటలు తినదు. రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంత, రోజుకి ఒకటి రెండుసార్లు. వారంలో ఒకరోజు పస్తు పెట్టినా మంచిదే. ఊరెళ్ళేటప్పుడు నాలుగు రోజుల మేత ఒకేసారి వేసి పోవడం కన్నా అసలు వెయ్యకుండా పోవడం నయం. వారానికొకసారి గొట్టంతో అడుగు మురికి లాగుతూ నాలుగో వంతు నీళ్ళు తీసి, నిలవబెట్టిన నీళ్ళు పోస్తే చాలు. ఆవిరైన నీళ్ళ మేరకే పోస్తూ, నీళ్ళు మార్చడం మానెయ్యకండి. ఆవిరయ్యేది నీళ్ళే, ఖనిజాలన్నీ తొట్టిలోనే ఉండిపోయి నెలనెలా గట్టిబడతాయి. తీసిన నీళ్ళని కరివేపాకు కుండీకి పొయ్యండి, అంత మంచి ఎరువు కొన్నా దొరకదు.

మన దగ్గర అసలు పరీక్ష ఎండాకాలం. మేలో మూతవేసిన గదిలో తొట్టి నీళ్ళు 33 డిగ్రీలు దాటవచ్చు. వేడి నీళ్ళల్లో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, అదే సమయంలో చేపకి ఎక్కువ కావాలి. గడ్డకట్టిన సీసాలు వేసి ఒక్కసారిగా చల్లబరచడం చాలామంది చేస్తారు, ఆ ఎగుడుదిగుడు చేపని వేడికన్నా ఎక్కువ బాధిస్తుంది. మూత తీసి, చిన్న ఫ్యాను ఒకటి నీటి మీదకి తిప్పిపెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. దీపం ఆర్పేయండి, మేత సగానికి తగ్గించండి. కరెంటు పోతే గంటకోసారి చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పోస్తే గాలి కలుస్తుంది. కోతలు మామూలైన ఊళ్ళల్లో బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి కొనుక్కోవాలి. చలికాలంలో హైదరాబాదు, ఆదిలాబాదు వైపు మోలీలూ ఫైటర్లూ ఉన్నవాళ్ళకి చిన్న హీటర్ కావాలి. కోస్తాలో అక్కర్లేదు.

ఒక మాట మిగిలింది. ఎప్పుడో ఒకప్పుడు చేప తొట్టికి మించి పెరుగుతుంది, లేదా ఇల్లు మారవలసి వస్తుంది. అప్పుడు పుణ్యమని చెప్పి దగ్గర్లోని చెరువులోనో కాలవలోనో వదిలేస్తారు. కృష్ణానదిలో వలలు చింపుతూ జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది ఇంకేదో కాదు, గాజు శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న ఆ సక్కరే. ఒళ్ళంతా కవచం, వెన్ను మీద ముళ్ళు, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మన చేపలకి మేత మిగల్చదు, అమ్ముదామంటే కొనేవాడు లేడు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్ళల్లో మిగిలిన డీఎన్ఏ ఆధారంగా తూర్పు కనుమల చెరువుల్లోనూ దాని ఉనికిని పట్టారు. దీన్ని అక్కడికి పంపింది మన ఇళ్ళల్లోని తొట్లే. ఇక పెంచలేమనుకుంటే కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి. డబ్బులివ్వకపోయినా చాలామంది తీసుకుంటారు. లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళని వెతికి అప్పగించండి. చెరువులో మాత్రం వదలకండి, గప్పీ పిల్ల అయినా సరే.